కరెంటు బండి లెక్కలు – 4: తీగ లేని చార్జింగ్, వీధి ట్రాన్స్‌ఫార్మర్

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు జవాబు ముందు చూసేద్దాం. కారు రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతుంది, యూనిట్‌కు 6 కిలోమీటర్లు ఇస్తుంది; ఇంటి దగ్గర ఎంతసేపు చార్జింగ్ పెట్టాలి? అంటే బ్యాటరీలోకి దాదాపు 7 యూనిట్లు వెళ్ళాలి. చార్జర్‌లో పోయేదీ కలుపుకుంటే మీటర్‌లో 8 తిరుగుతాయి. మామూలు 16 ఆంపియర్ల ప్లగ్గు నుంచి 3.3 కిలోవాట్ల చొప్పున తీసుకుంటే రెండున్నర గంటల పని. చాలామంది "రాత్రంతా పెట్టాలి" అని రాశారు. బండి రాత్రంతా ఇంటి ముందు ఉంటుంది నిజమే, కరెంటు తాగేది మాత్రం రెండున్నర గంటలే. ఆ తేడా ఇవాళ బాగా పనికొస్తుంది.

ఈ పాఠంలో రెండు పనులు నేర్చుకుంటాం. తీగ లేని చార్జింగ్ ప్యాడ్‌లో ఎంత కరెంటు వృథా పోతుందో కాగితం మీద తేల్చడం ఒకటి. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని బండ్లను మోయగలదో లెక్కకట్టడం రెండోది. నన్నడిగితే రెండోదే అసలు విద్య. ప్యాడ్ లెక్క తయారుచేసినవాడు వేసుకుంటాడు, వీధి లెక్క మనం వెయ్యకపోతే ఎవరూ వెయ్యరు.

ప్యాడ్ సంగతి

నేల మీద ఒక కాయిల్, బండి అడుగున ఇంకొకటి. కింది కాయిల్‌లో కరెంటు అటూ ఇటూ మారుతుంటే దాని అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పుకి పై కాయిల్‌లో వోల్టేజీ పుడుతుంది. 1831లో ఫారడే చూపించింది ఇదే, ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేదీ ఇలాగే. కాకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్టలూ ఒకే ఇనుప కోర్ మీద ఉంటాయి. ఇక్కడ మధ్యలో పది నుంచి పాతిక సెంటీమీటర్ల గాలి ఉంది. కింద పుట్టిన క్షేత్రంలో కొంత వంతే పై కాయిల్‌కి అందుతుంది. ఆ వంతును "కే" అందాం. కార్ల ప్యాడ్లలో ఇది 0.1 నుంచి 0.3 మధ్య ఉంటుంది.

ఇంత తక్కువ వంతుతో కిలోవాట్లు పంపాలంటే 50 హెర్ట్జ్ కరెంటు చాలదు. అందుకే ముందు దాన్ని ఒకే దిక్కున పారే డీసీ చేసి, మళ్ళీ సెకనుకు 85 వేల సార్లు ఊగే ఏసీగా మారుస్తారు. కార్ల కోసం 2020లో వచ్చిన, వాహన ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ వారి జే2954 ప్రమాణం ఈ 85 కిలోహెర్ట్జ్ చుట్టూనే కట్టింది. కాయిల్‌కు సరిపడే కెపాసిటర్ జోడిస్తే రెండూ ఆ వేగం దగ్గర అనునాదంలో పడతాయి, అంటే సరైన వేళకు తోసిన ఉయ్యాలలా ఊపు పెరుగుతుంది. 2007లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్ళు రెండు మీటర్ల దూరంలో 60 వాట్ల బల్బు వెలిగించింది ఈ కిటుకుతోనే.

కాలిక్యులేటర్ తీయండి. మన కాయిల్ 100 మైక్రోహెన్రీలు (హెన్రీ అంటే కాయిల్‌కు వాడే కొలమానం) అనుకుందాం. 2 × 3.1416 × 85,000 అంటే సుమారు 5.34 లక్షలు. దాన్ని 0.0001 హెన్రీతో గుణిస్తే 53.4 ఓములు. ఇది ఆ వేగం దగ్గర కాయిల్ చూపించే అడ్డు. కెపాసిటర్ కూడా సరిగ్గా అంతే అడ్డు చూపించాలి. 5.34 లక్షలను 53.4తో గుణించి, 1ని ఆ వచ్చినదానితో భాగిస్తే 35 నానోఫారడ్లు వస్తాయి. ఇప్పుడు కాయిల్‌లో 20 ఆంపియర్లు పారుతున్నాయంటే దాని కొనల మధ్య వోల్టేజీ 53.4 × 20, అంటే 1,068 వోల్టులు. ఇంట్లోకి వచ్చేది 230 వోల్టులే కదా అని ప్యాడ్ మూత విప్పే ఉత్సాహవంతులు ఈ అంకెను ఒకసారి పైకి చదువుకోండి. చేత్తో ప్రయోగం చేసి చూడాలనుంటే ఫోన్ చార్జింగ్‌కి వాడే అయిదు వోల్టుల చిన్న కిట్లు దొరుకుతాయి, వాటితో ఆగండి.

ఇక వృథా ఎంత? కాయిల్ ఎంత నాణ్యంగా ఉందో చెప్పే అంకె ఒకటుంది, "క్యూ". సన్నటి పోగులు పేనిన లిట్జ్ తీగతో చుట్టిన మంచి కాయిల్‌కు 200 అనుకుందాం. కే, క్యూ రెంటినీ గుణించండి. కే 0.2 అయితే 40. కాయిళ్ళలో పోయే వంతు సుమారుగా 2ని ఆ 40తో భాగిస్తే వచ్చేది, అంటే 5 శాతం. బండి కాస్త పక్కకు ఆగి కే 0.1కి పడిపోయిందా, 2ని 20తో భాగించాలి, 10 శాతం. ఇంకా తగ్గి 0.05 అయితే ఈ అడ్డదారి లెక్క 20 అంటుంది, పూర్తి సూత్రం 18 అంటుంది. మన పనికి ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

కాయిళ్ళు కాక ఇంకో మూడు అంచెలున్నాయి. ఏసీని డీసీ చేసేది, దాన్ని 85 కిలోహెర్ట్జ్‌కు తెచ్చేది, బండిలో మళ్ళీ డీసీ చేసేది. ఒక్కోదానిలో 3 శాతం పోతుందనుకుంటే 0.95ని మూడుసార్లు 0.97తో గుణించాలి. 0.867 వస్తుంది. బండి సరిగ్గా ఆగినప్పుడు కనీసం 85 శాతం, అనుమతించిన మేరకు పక్కకు జరిగినప్పుడు 80 శాతం రావాలని జే2954 అడగడం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. అనుమతించిన జరుగుడు కూడా పెద్దదేం కాదు. ముందుకీ వెనక్కీ ఏడున్నర సెంటీమీటర్లు, పక్కలకు పది. మన వీధుల్లో గోడకు ఆనించి కారు పెట్టేవాళ్ళకు ఇది సాధనే.

ఒక చిన్న హెచ్చరిక. కొత్త బండికి పూజ చేసి చక్రాల కింద నిమ్మకాయ పెట్టినందువల్ల ప్యాడ్‌కు ఏ ఇబ్బందీ లేదు. పళ్ళెంలోంచి జారి ప్యాడ్ మీద పడిన రూపాయి బిళ్ళతోనే ఇబ్బంది. అది ఉక్కు బిళ్ళ, అంత వేగంగా మారే క్షేత్రంలో చెయ్యి కాలేంతగా వేడెక్కుతుంది. అగరుబత్తి ప్యాకెట్ లోపలి వెండిరంగు కాగితమూ అంతే. అందుకే మంచి ప్యాడ్లలో లోహాన్ని పసిగట్టి ఆపేసే ఏర్పాటు, కింద దూరిన పిల్లినో కుక్కనో గుర్తించే ఏర్పాటు రెండూ ఉంటాయి.

వీధి లెక్క

మన విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉన్నా, మన ఇంటికి కరెంటు వచ్చేది మాత్రం వీధి మలుపులో దిమ్మె మీద కూర్చున్న డీటీఆర్, అంటే వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. 11 వేల వోల్టులు లోపలికి, 433 వోల్టులు బయటికి. దాని సైజు కేవీఏలో (వోల్టులు, ఆంపియర్ల లెక్కన అది మోయగల లోడు, వేలలో) చెబుతారు: 25, 63, 100, 160. కేవీఏని ఆంపియర్లలోకి మార్చడానికి ఒక సులువుంది. 433ని 1.732తో గుణిస్తే దాదాపు 750. కాబట్టి కేవీఏని వెయ్యితో గుణించి 750తో భాగించండి. 100 కేవీఏ అంటే మూడు ఫేజుల్లో ఒక్కోదానిలో 133 ఆంపియర్లు. ఇది కంఠతా వచ్చెయ్యాలి.

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక వీధి ఉందనుకుందాం, దానికి 100 కేవీఏ డీటీఆర్. మే నెల రాత్రి ఎనిమిది గంటలు, ఏసీలన్నీ తిరుగుతున్నాయి, లోడు 72 కేవీఏ. ట్రాన్స్‌ఫార్మర్‌ను 90 శాతానికి మించి నడపకూడదని మనమే ఒక గీత గీసుకుందాం. మిగిలింది 18 కేవీఏ. 3.3 కిలోవాట్ల చార్జర్, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) 0.95 అయితే, 3.5 కేవీఏ తీసుకుంటుంది. 18ని 3.5తో భాగిస్తే అయిదు బండ్లు. పరీక్షలో ఈ జవాబుకు మార్కులు పడతాయి. వీధిలో మాత్రం ఫ్యూజు పోతుంది.

ఎందుకంటే ఈ చార్జర్లన్నీ సింగిల్ ఫేజు, ఒక్కోటీ మూడింటిలో ఒక్క ఫేజు నుంచే లాగుతుంది. ఫేజుల వారీగా చూడండి. 72 కేవీఏ అంటే ఒక్కో ఫేజులో 96 ఆంపియర్లు. మన గీత 120 దగ్గర ఉంది. మిగిలింది 24. ఒక చార్జర్ 15 ఆంపియర్లు లాగుతుంది. మొదటిది పెడితే 111, పర్లేదు. అదే ఫేజు మీద రెండోది పెడితే 126, గీత దాటింది. మూడోదీ అక్కడే పడితే 141, అంటే ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి సామర్థ్యమే దాటిపోయింది. పక్క ఫేజుల్లో చోటు మిగిలే ఉన్నా దానివల్ల లాభం లేదు. కాబట్టి అసలు జవాబు ఫేజుకు ఒకటి చొప్పున మూడు బండ్లు. అదీ పక్క పక్క ఇళ్ళవాళ్ళు వేర్వేరు ఫేజుల మీద ఉంటేనే. ఎవరి సర్వీసు ఏ ఫేజు మీద ఉందో మీ లైన్‌మన్‌కు తెలుసు, అడిగితే చెబుతారు. ఈ లెక్క మొత్తంలో అన్నిటికన్నా విలువైన సమాచారం అదే, ఏ యాప్‌లోనూ దొరకదు.

ఇప్పుడు అదే వీధి, అదే డీటీఆర్, రాత్రి పదకొండు దాటాక. లోడు 40 కేవీఏకి దిగిందనుకోండి. ఫేజుకు 53 ఆంపియర్లు. గీత వరకు 67 మిగిలాయి. ఫేజుకు నాలుగు బండ్లు, మొత్తం పన్నెండు. మొదటి రెండున్నర గంటలు ఒక పన్నెండు, తర్వాతి రెండున్నర గంటలు ఇంకో పన్నెండు. తెల్లవారేసరికి ఇరవై నాలుగు కార్లు నిండిపోతాయి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. తిరుపతివాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. సర్వదర్శనానికి టైమ్‌స్లాట్ టోకెన్లు ఇచ్చినప్పుడు భక్తులూ తగ్గలేదు, గర్భగుడీ పెరగలేదు, వచ్చే వేళలు విడగొట్టారంతే. బండ్లను గ్రిడ్‌తో కలపడమంటే ముందుగా ఇదే. బండి నుంచి కరెంటు వెనక్కి ఇచ్చే ముచ్చట దాని తర్వాతది.

పగటి వేళ ఇంకా మెరుగు, ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలుంటే మరీను. 2024 సెప్టెంబరులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అటే మొగ్గాయి. చార్జింగ్ స్టేషన్లకు ఇచ్చే కరెంటు ధర ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 రెట్లు. చిత్తూరు వైపు పల్లెల్లో ఉన్నవాళ్ళు మాత్రం ఒకటి గమనించుకోవాలి. బోరు మోటార్లకు కరెంటు ఇచ్చేదీ పగలే. అయిదు హెచ్‌పీ మోటారంటే 3.7 కిలోవాట్లు. జే2954లో అన్నిటికన్నా చిన్న ప్యాడ్ రేటింగూ 3.7 కేవీఏనే. రెండు మూడు మోటార్లున్న 25 కేవీఏ డీటీఆర్‌కు ఒక ప్యాడ్ తగిలించడమంటే దాదాపు ఇంకో బోరు వేసినట్టే లెక్క. పైగా సేద్యం సర్వీసు నుంచి కారు చార్జ్ చెయ్యడం నిబంధనలకు విరుద్ధం.

తీగ లేకపోతే వీధికి ఏం లాభం

నష్టం ముందు చెబుతాను. 7 యూనిట్లు బ్యాటరీలోకి వెళ్ళాలంటే 85 శాతం దగ్గర మీటర్‌లో 8.2 తిరుగుతాయి, 80 శాతం దగ్గర 8.75. అంటే పక్కకు ఆపిన పాపానికి కారుకు అర యూనిట్. ఇరవై నాలుగు కార్లకు రాత్రికి 12 యూనిట్లు వేడిగా పోతాయి. ఇంటి ముందు రాత్రంతా ఆగే కారుకు కేబులే మేలని నా అభిప్రాయం, తీగ తగిలించడం అంత పెద్ద పనేం కాదు.

ప్యాడ్‌కి అసలైన చోటు ఆటో స్టాండు. రైల్వే స్టేషన్ ఎదుట వరసలో ఉన్న ఆటో అయిదు నిమిషాలకోసారి నాలుగడుగులు ముందుకు జరుగుతుంది. జరిగినప్పుడల్లా దిగి ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టే ఓపిక ఏ డ్రైవరన్నకూ ఉండదు. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్‌లో టాక్సీ స్టాండులో ప్యాడ్లు పరిచి చూసింది ఇందుకే. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్, నాగపూర్‌లోని ఇంజినీరింగ్ విద్యాసంస్థ వీఎన్ఐటీ కలిసి 1.5 కిలోవాట్ల తీగ లేని చార్జర్ తయారుచేశాయి, 2025లో ఆ పరిజ్ఞానాన్ని పరిశ్రమకు అందించారు. 48 వోల్టుల బ్యాటరీకి, అంటే ఆటోకి సరిపోయే సైజు.

లెక్క చూడండి. ఇరవై నిమిషాలు వరసలో ఉంటే 1.5లో మూడో వంతు, అర యూనిట్. యూనిట్‌కు 14 కిలోమీటర్లు ఇచ్చే ఆటోకి ఏడు కిలోమీటర్లు. స్టేషన్ నుంచి అలిపిరికి చేరడానికి చాలు. వరసలో ఆరు ప్యాడ్లు వేస్తే బ్యాటరీల వైపు 9 కిలోవాట్లు, 85 శాతం దగ్గర తీగ వైపు 10.6, పవర్ ఫ్యాక్టర్ కలిపితే 11 కేవీఏ. రెండేసి చొప్పున మూడు ఫేజులకు పంచితే ఫేజుకు 15 ఆంపియర్లు. 30 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్ ఒక్కటి పెడితే ఫేజుకు 42 పైనే. ప్యాడ్‌కు కావాల్సింది తక్కువ కరెంటు ఎక్కువ సేపు, ఆటోకి ఉన్నది ఎదురుచూసే సమయం. ఆ రెంటినీ కలపగలిగితేనే ప్యాడ్‌కి పెట్టిన డబ్బుకు అర్థం.

ఈ వారం లెక్క

మీ వీధి డీటీఆర్ మీద కేవీఏ ఎంతో చదవండి. కంచె బయట నిలబడే చదవాలి, కనిపించకపోతే లైన్‌మన్‌ను అడగండి, దిమ్మె ఎక్కొద్దు. అది 63 కేవీఏ అనుకుందాం. రాత్రి ఎనిమిదికి ఫేజుల్లో 70, 58, 49 ఆంపియర్లు ఉన్నాయి. గీత 90 శాతం దగ్గరే. 15 ఆంపియర్ల చార్జర్లు ఎన్ని పెట్టవచ్చు, ఏ ఫేజు మీద ఎన్ని? మూడు ఫేజులూ సమానంగా ఉండి ఉంటే జవాబు మారేదా? సూచన: మొదట 63ని ఆంపియర్లలోకి మార్చండి, జవాబులో సగం బండి వచ్చిందంటే కిందికి దించండి. ఫేజుల వారీగా వచ్చిన ఆ మూడు అంకెలు చేతిలో పెట్టుకుని రండి, బండి నుంచి వీధికి కరెంటు వెనక్కి పంపే వచ్చే పాఠం వాటితోనే మొదలవుతుంది.