బోధన సాగించిన కన్యాస్త్రీల సభ చరిత్రను రాయడం ఎలా

కాన్వెంటు బడి చరిత్ర రాయడానికి పూనుకున్నవారు సాధారణంగా స్థాపకురాలి జీవితంతో మొదలుపెట్టి, భవనాల ప్రారంభోత్సవాల మీదుగా శతాబ్ది ఉత్సవాల ఫొటోల దాకా సాగుతారు. ఆ కన్యాస్త్రీలు ఎవరికి చదువు చెప్పారు, ఆ ఖర్చు ఎవరు భరించారు, ఆ పని ఎప్పుడు, ఎందుకు మారింది అన్న సంగతులు అటువంటి పుస్తకాల్లో దొరకడం అరుదు. వాటిని రాబట్టాలంటే, మీరు ఎంచుకున్న సభ, అంటే కన్యాస్త్రీల సంఘం, పుట్టిననాటికి తిరుసభ (కతోలిక చర్చి) చట్టం స్త్రీలను ఏ పని చేయనిచ్చిందో, ఏది నిషేధించిందో ముందుగా తెలుసుకోండి.

ఆ నిషేధాలన్నిటిలో పెద్దది మఠ ప్రాకారం, అంటే కన్యాస్త్రీలు మఠం గోడల లోపలే ఉండాలన్న నియమం. ఆంజెలా మెరీచి 1535లో ఇటలీలోని బ్రెషాలో కూడగట్టిన పునీత ఉర్సులా బృందంలోని స్త్రీలు (ఉర్సులైన్లు) తమ ఇళ్లలోనే ఉండేవారు. తిరుసభ పెద్దలు కూడిన ట్రెంట్ మహాసభ 1563లోనూ, ఐదవ పయస్ పోపు 1566లోనూ కన్యాస్త్రీలు గోడ దాటరాదని గట్టిగా శాసించాక, పారిస్‌లోని ఉర్సులైన్లు 1612లో ప్రాకారానికి ఒప్పుకొని, బాలికలే మఠం లోపలికి వచ్చి చదువుకునే పద్ధతి పెట్టుకున్నారు. ఇంగ్లండుకు చెందిన మేరీ వార్డ్ అందుకు ఒప్పుకోలేదు. ఆమె సంస్థను ఎనిమిదవ అర్బన్ పోపు 1631లో రద్దు చేయగా, మ్యూనిక్‌లోని ఒక మఠంలో బందీగా ఉన్న ఆమె నిమ్మరసంతో కంటికి కనబడని ఉత్తరాలు రాసి, బయట ఉన్న తన సహచరులకు సూచనలు పంపింది. ఆమెను స్థాపకురాలిగా రోమ్ గుర్తించింది 1909లో. కాబట్టి పాత నియమావళిలో ‘బయటి పిల్లల తరగతి’ ప్రస్తావన కనిపిస్తే, ఆ గది ఏ తలుపు పక్కన ఉండేదో కూడా మఠం నకషాలో వెతకండి.

సభ అధికారిక ఆమోదం పొందిన తేదీని పుట్టిన తేదీతో కలపవద్దు. ప్రాకారం లేకుండా సాధారణ మాటపట్టులతో (దేవునికిచ్చే వ్రతప్రమాణాలతో) జీవించే సభలను పదమూడవ లియో పోపు 1900లో గాని పూర్తిస్థాయి సన్యాస సభలుగా గుర్తించలేదు. సభ పుట్టుకకూ ఆమోదానికీ నడుమ కాలమంతా స్థానిక పీఠాధిపతి (బిషప్) మాటకు, సభకు పెద్దయిన మదర్ మాటకు మధ్య పెనుగులాటే. ఆస్ట్రేలియాలో 1866లో పేద పిల్లలకు బడి తెరిచిన మేరీ మెకిలప్‌ను 1871లో ఆమె పీఠాధిపతే వెలివేసి, ఐదు నెలలకు ఆ శిక్షను ఎత్తివేశారు. 2010లో ఆమె పునీతురాలైంది. రెండు పక్షాల ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చదవనిదే ఇటువంటి అధ్యాయం రాయకండి.

నా లెక్కలో అన్నిటికన్నా నిజం చెప్పేవి జమాఖర్చుల పుస్తకాలు. సంపన్నుల పిల్లలు హాస్టలుకు కట్టిన ఫీజు పక్కనున్న ఉచిత బడిని ఎలా నడిపించిందో, సభలో చేరేటప్పుడు కట్నం తెచ్చిన సిస్టర్ పంతులమ్మగానూ, తేలేని సిస్టర్ వంటింట్లోనూ ఎలా తేలారో అందులోనే తెలుస్తుంది. 1727లో న్యూ ఆర్లియన్స్ చేరిన ఉర్సులైన్లు బానిస బాలికలకు జ్ఞానోపదేశం చెప్పారు, బానిసల్ని సొంత ఆస్తిగానూ ఉంచుకున్నారు. ఒకటి రాసి రెండోది వదిలేస్తే అది చరిత్ర కాదు. సభలు నడిపిన సంస్థల్లో పిల్లలు పడ్డ హింసపై ఐర్లండులో 2009 నాటి విచారణ నివేదిక, కెనడాలో ఆదివాసీ పిల్లల వసతి బడుల సాక్ష్యాలు చదివినవారికి, విద్యార్థుల మాట వినకుండా బడి చరిత్ర రాయడం సాధ్యం కాదని వేరే చెప్పనక్కరలేదు.

అమెరికాలో 1884 నాటి బాల్టిమోర్ పీఠాధిపతుల మహాసభ ప్రతి విచారణలోనూ (ఒక్కో గుడి పరిధిలోనూ) బడి ఉండాలని ఆదేశించినప్పుడు, ఆ భారం సిస్టర్ల స్వల్ప వేతనం మీద పడింది. డిగ్రీ పూర్తికాకుండానే తరగతికి పంపిన యువ సిస్టర్లు ఏళ్ల తరబడి వేసవి సెలవుల్లో చదువుకున్నారు. దీన్ని సరిదిద్దడానికే 1954లో సిస్టర్ల శిక్షణ కోసం ప్రత్యేక సంఘం ఏర్పడింది. ముసలి సిస్టర్లతో మాట్లాడేటప్పుడు ‘మీ సేవ ఎలా సాగింది’ అని అడిగితే ప్రసంగం వస్తుంది. మొదటి ఏడు తరగతిలో పిల్లలు ఎంతమంది, బదిలీ కబురు ఎవరు ఎలా చెప్పారు అని అడగండి.

రెండవ వాటికన్ మహాసభ 1965లో స్థాపకుల తొలి స్ఫూర్తికి మరలమనీ, కాలానికి తగినట్టు మారమనీ సభలను కోరింది. ఆ ఏడాది అమెరికాలో దాదాపు 1,80,000 మంది ఉన్న సిస్టర్లు ఇప్పుడు 40,000కు లోపే. ఈ అంకెల్ని చూసి పతనం అని ఒక్కమాటలో తేల్చడం తొందరపాటు. వయోజనుల అక్షరాస్యత, జైళ్లు, శరణార్థుల వైపు వెళ్లినవారూ ఉన్నారు, లాస్ ఏంజెలెస్‌లో 1970లో అక్కడి తిరుసభ అధిపతి అయిన కార్డినల్‌తో విభేదించి మాటపట్టులు విడిచి, సొంత సంఘంగా కొనసాగిన 300 మందికి పైగా సిస్టర్లూ ఉన్నారు. 1965కు ముందూ తరువాతా సభ నియమావళి ప్రతులు రెండూ సంపాదించి, బోధన గురించిన అధ్యాయాన్ని వాక్యం వాక్యంగా పోల్చండి. ఐర్లండులోలా బడిని గృహస్థుల (సన్యాసం తీసుకోని విశ్వాసుల) ట్రస్టుకు అప్పగించి ఉంటే ఆ ఒప్పందపత్రం నకలు అడిగి తెచ్చుకోండి, అందులో సభ తనకోసం అట్టిపెట్టుకున్న హక్కులు ఏవో చూస్తే చివరి అధ్యాయానికి కావలసిన సామగ్రి చేతికి వస్తుంది.