చెరువు లెక్కలు టాలీలో – 3వ భాగం: కాస్ట్ కేటగిరీలు, కాస్ట్ సెంటర్లు

గత రెండు భాగాల్లో టాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) రొయ్యల చెరువుల కోసం కంపెనీ తెరిచాం, లెడ్జర్లు (ఒక్కో పద్దుకో ఖాతా) పెట్టాం, మేత బిల్లు మొదలు డీజిల్ చీటీ దాకా వోచర్లు (లావాదేవీల నమోదులు) ఎక్కించడం నేర్చుకున్నాం. ఇప్పుడు లాభనష్టాల పట్టీ తీస్తే మేతకు ఇంత, సీడ్‌కు (రొయ్య పిల్లలకు) ఇంత, కరెంటుకు ఇంత అని వస్తోంది. ఆడిటర్‌గారికి అది చాలు. గట్టు మీద నిలబడే ఆసామికి చాలదు. ఆయన గుమాస్తాను అడిగేది వేరు: "మూడో చెరువు కలిసొచ్చిందా, మునిగిందా? అది చెప్పవయ్యా ముందు." ఆ జవాబు మన పుస్తకంలో ఇంకా లేదు. ఈ భాగంలో దాన్ని రాబట్టే ఏర్పాటు చేద్దాం.

పాఠమంతా ఒకే ఉదాహరణతో నడుపుదాం. ఆకివీడు వైపు నాలుగు వనామీ రొయ్యల చెరువులు, మొత్తం పదెకరాలు అనుకోండి. 1వది 2 ఎకరాలు, 2వది 3, మిగతా రెండూ రెండున్నర చొప్పున. మేత నిల్వకు ఒకే షెడ్డు, ఒకే జనరేటరు, అన్నిటికీ కలిపి ఒకే కాపలా మనిషి. చిక్కంతా ఈ 'ఒకే' దగ్గరే వస్తుంది.

చాలామంది చేసే పని 'మేత–1వ చెరువు', 'మేత–2వ చెరువు' అంటూ లెడ్జర్లు పెంచుకుంటూ పోవడం. నాలుగు చెరువులకు పన్నెండేసి ఖర్చు పద్దులైతే 48 లెడ్జర్లు. ఏడాదికి రెండు పంటలు కూడా విడదీయాలంటే 96. ఇక 'మేత మొత్తం ఎంత' అని అడిగితే కాలిక్యులేటర్ పట్టుకుని కూడుకోవాలి. ఆ దారి వద్దు. లెడ్జరు దేని మీద ఖర్చయిందో చెబితే చాలు. ఎవరి కోసం ఖర్చయిందో చెప్పడానికి టాలీలో కాస్ట్ సెంటర్లున్నాయి. అలాంటి సెంటర్లను ఒక గుంపుగా కట్టేదే కాస్ట్ కేటగిరీ.

కేటగిరీ అంటే ఒక ప్రశ్న అనుకోండి. 'ఏ చెరువుకు?' అన్నది ఒక కేటగిరీ, 'ఏ దశలో?' అన్నది ఇంకొకటి. కొబ్బరికాయల రాశిని ఏ చెట్టువని వేరు చేయొచ్చు, ఏ సైజువని వేరు చేయొచ్చు. కాయలు మాత్రం అవే. టాలీ కూడా అంతే. రెండు కేటగిరీలుంటే ఒకే లక్ష రూపాయల్ని చెరువుల వారీగా లక్షకూ పంచుతుంది, దశల వారీగా మళ్లీ అదే లక్షకూ పంచుతుంది. కాబట్టి రెండు కేటగిరీల మొత్తాలను ఎప్పుడూ కలపకూడదు. కలిపితే ఖర్చు రెట్టింపు కనపడి ఆసామికి చెమటలు పడతాయి.

కంప్యూటర్ ముట్టుకోకముందు ఓ కాగితం తీయండి. ఈ పంట అయ్యాక ఏయే ప్రశ్నలకు జవాబు కావాలో రాయండి. మా ప్రాంతంలో నేను చూసినంతవరకూ రెండు ప్రశ్నలకు మించి నిజంగా ఎవరూ వాడరు. మూడోది, నాలుగోది పెట్టుకున్నవాళ్లు రెండు నెలలయ్యాక వోచరు ఎక్కించేటప్పుడు విసుగొచ్చి వదిలేస్తారు. సగం నింపిన కేటగిరీ కంటే అసలు లేని కేటగిరీ నయం. అది కనీసం అబద్ధం చెప్పదు.

మనం తీసుకునే రెండు ప్రశ్నలు: చెరువు, దశ. దశలు మూడు చాలు. ఎండబెట్టడం, దున్నడం, సున్నం, బ్లీచింగ్ వగైరా అంతా 'తయారీ'. సీడ్ వదిలిన దగ్గర్నుంచి 'సాగు'. వల, కూలీలు, ఐసు, రవాణా 'పట్టుబడి'. దశ ఎందుకంటారా? తెల్లమచ్చ తెగులు వచ్చి నెలన్నరకే పట్టేయాల్సి వస్తే సీడ్ వేయకముందు ఎంత పెట్టామో, వేశాక ఎంత పోయిందో విడిగా తెలియాలి. మళ్లీ సీడ్ వేయాలా, చెరువును ఆ పంటకు ఖాళీగా వదిలేయాలా అన్న నిర్ణయం ఆ రెండో అంకె మీదే ఆధారపడుతుంది.

ఇక టాలీప్రైమ్ తెరవండి. ఎఫ్11 నొక్కి, కంపెనీ ఫీచర్లలో 'ఎనేబుల్ కాస్ట్ సెంటర్స్' దగ్గర ఎస్ పెట్టి సేవ్ చేయండి. తర్వాత ఆల్ట్+జి నొక్కి 'క్రియేట్ మాస్టర్'లోకి వెళ్లి, కాస్ట్ కేటగిరీ ఎంచుకోండి. పేరు: చెరువు. దాని కింద రెండు ప్రశ్నలుంటాయి. 'అలొకేట్ రెవెన్యూ ఐటమ్స్' – ఎస్. అంటే ఆదాయం, ఖర్చుల పద్దులు దీనికి పంచవచ్చు. 'అలొకేట్ నాన్-రెవెన్యూ ఐటమ్స్' – నో. ఇది ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు), మోటార్ల లాంటి ఆస్తుల కోసం. ఏరేటర్లు ఈ చెరువులోంచి ఆ చెరువులోకి తిరుగుతూనే ఉంటాయి. కొన్న ధరంతా ఒక చెరువు నెత్తిన వేస్తే ఆ పంట అన్యాయంగా నష్టంలో కనపడుతుంది. అందుకే నో అన్నాను. ఇదే పద్ధతిలో 'దశ' కేటగిరీ కూడా చేయండి. ప్రైమరీ కాస్ట్ కేటగిరీ అని ముందే ఒకటి కనపడుతుంది. దాన్ని అలాగే ఉండనివ్వండి, వాడకండి.

ఇప్పుడు కాస్ట్ సెంటర్లు. 'చెరువు' కేటగిరీ ఎంచుకుని, 'అండర్' దగ్గర ప్రైమరీ పెట్టి చెరువు-1 నుంచి చెరువు-4 దాకా నాలుగు చేయండి. ఐదోది 'ఉమ్మడి'. దాని సంగతి తర్వాత. 'దశ' కేటగిరీలోనూ ఇలాగే తయారీ, సాగు, పట్టుబడి అని మూడు చేయండి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాల్సిన విషయం పంట. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మన డెల్టాలో పంట వంద, నూట ఇరవై రోజులకు కుదిరింది. ఒకే చెరువులో ఏడాదికి రెండు పంటలు వస్తున్నాయి. పంటను వేరే కేటగిరీగా పెట్టాలా, చెరువు కింద పెట్టాలా? చెరువు కిందే పెట్టమంటాను. ఎందుకంటే సీడ్ తేదీ చెరువుకో రకంగా ఉంటుంది. 2వ చెరువు పట్టుబడికి వచ్చేసరికి 4వ చెరువు ఇంకా ఎండుతూ ఉండొచ్చు. పంట అనేది చెరువుకు పుట్టిన పిల్ల. కాబట్టి కొత్త కాస్ట్ సెంటర్ చేసి 'అండర్' దగ్గర చెరువు-3 ఎంచుకుని '3/25-1' అని పేరు పెట్టండి: 3వ చెరువు, 2025లో సీడ్ వేసిన మొదటి పంట. తర్వాతిది '3/25-2'. ఖర్చు ఎప్పుడూ పిల్లకే రాయండి, తల్లికి నేరుగా రాయొద్దు. పిల్లల మొత్తం తల్లి దగ్గర దానంతటదే కూడి కనపడుతుంది.

దీనివల్ల ఇంకో లాభముంది. ఫిబ్రవరిలో సీడ్ వేస్తే పట్టుబడి జూన్‌లో. మధ్యలో మార్చి 31 వచ్చి లాభనష్టాల పట్టీని రెండు ముక్కలు చేస్తుంది: మేత ఖర్చులో కొంత పాత సంవత్సరంలో, అమ్మకమంతా కొత్త సంవత్సరంలో. ఆ పట్టీ చూసి పంట లాభమో నష్టమో తేల్చడం కుదరదు. కాస్ట్ సెంటర్ రిపోర్టులో ఆల్ట్+ఎఫ్2 నొక్కి ఫిబ్రవరి 1 నుంచి జూన్ 30 దాకా కాలం ఇస్తే పంట మొత్తం ఒక్కచోట వస్తుంది. కాకపోతే ఏడాది మారగానే పాత డేటాను స్ప్లిట్ చేసే (విడగొట్టే) అలవాటుంటే పంట నడుస్తుండగా ఆ పని చేయకండి. తాడేపల్లిగూడెం, తణుకు వైపు రైస్ మిల్లుల్లో ఉన్నవాళ్లు దాళ్వాకు (రబీ వరికి) ఇదే పద్ధతి వాడుకోవచ్చు. సార్వా (ఖరీఫ్), దాళ్వా రెండు సెంటర్లుగా పెడితే సరి.

లెడ్జర్ల దగ్గరకు రండి. మేత, సీడ్, డీజిల్, కరెంటు, మందులు, కూలీ – ఒక్కొక్కటీ ఆల్టర్‌లో తెరిచి 'కాస్ట్ సెంటర్స్ ఆర్ అప్లికబుల్' ఎస్ ఉందో లేదో చూడండి. రొయ్యల అమ్మకం లెడ్జర్‌కు కూడా ఎస్ ఉండాలి. ఇది చాలామంది మరిచిపోతారు. ఖర్చులన్నీ చెరువుల వారీగా చక్కగా పంచి, అమ్మకాన్ని గాలికి వదిలేస్తారు. అప్పుడు ప్రతి చెరువూ నష్టమే చూపిస్తుంది.

వోచరులో లెడ్జరు, మొత్తం ఇచ్చి ఎంటర్ కొట్టగానే కాస్ట్ అలొకేషన్ తెర తెరుచుకుంటుంది. కేటగిరీ 'చెరువు', సెంటర్ '3/25-1', మొత్తం. తర్వాత కేటగిరీ 'దశ', సెంటర్ 'సాగు', అదే మొత్తం. మొదటి కేటగిరీలో మొత్తం సరిపోగానే రెండోది రాయకుండా ముందుకు వెళ్లిపోయే వీలుంది. హడావుడిలో జరిగేది అదే. నెలకోసారి రెండు కేటగిరీల మొత్తాలు సమానంగా ఉన్నాయో లేదో చూస్తే ఎక్కడ జారిందో దొరుకుతుంది.

మన లెక్కల్లో అసలు కష్టం ఉమ్మడి ఖర్చులే. మేత లోడు వచ్చి షెడ్డులో దిగుతుంది. ఆ రోజున అది ఏ చెరువు తింటుందో ఎవరికీ తెలియదు. బిల్లు వచ్చింది కదా అని అంచనాగా నాలుగు భాగాలు చేసి పంచేస్తే, ఆ అంచనాయే ఆఖరికి లాభంగానో నష్టంగానో నిలబడిపోతుంది. లోడు వచ్చినప్పుడు మొత్తం 'ఉమ్మడి'కి రాయండి. మేత పుస్తకంలో రోజూ ఏ చెరువుకు ఎన్ని బస్తాలు వేశారో రాస్తూనే ఉంటారు కదా. వారానికోసారి ఆ పుస్తకం చూసి జర్నల్ వోచరు వేయండి: మేత డెబిట్ – చెరువుల పంటలకు; మేత క్రెడిట్ – ఉమ్మడికి. లెడ్జరు రెండు వైపులా మేతే, మొత్తం మారదు. సెంటర్ మాత్రమే మారుతుంది. దశ కూడా రెండు వైపులా 'సాగు' అని ఇవ్వాలి.

దీంట్లో ఒక అందం ఉంది. లెక్క సులువు కోసం బస్తా 2,000 రూపాయలనుకుందాం. మేత లెడ్జర్‌లో ఉమ్మడి దగ్గర 40,000 మిగిలిందంటే షెడ్డులో 20 బస్తాలుండాలి. వెళ్లి లెక్కపెట్టండి. 17 ఉంటే మేత పుస్తకం తప్పైనా అయ్యుండాలి, షెడ్డు తాళం సంగతైనా చూసుకోవాలి. ఆ వారమే తెలిస్తే అడగొచ్చు. పంటయ్యాక తెలిస్తే మాటా మాటా పెరగడమే మిగులుతుంది.

కాపలా మనిషి జీతం, లీజు ఎకరాల ప్రకారం పంచండి. నెల జీతం 20,000 అయితే 4,000, 6,000, 5,000, 5,000. కాపలా ఎండిన చెరువుకూ అవసరమే, అందుకని దానికీ వాటా ఉంటుంది. డీజిల్ అలా కాదు. ఏరేటర్లు తిరగని చెరువుకు డీజిల్ వాటా వేయకూడదు. నీళ్లున్న చెరువుల ఎకరాలే లెక్కలోకి తీసుకోండి. ఏరేటర్ల హార్స్‌పవర్, తిరిగిన గంటలు రాసుకునే అలవాటుంటే ఆ లెక్కన పంచడం ఇంకా కచ్చితం. ఆ పుస్తకం మీ దగ్గర లేకపోతే ఎకరాలతోనే కానివ్వండి. పంట మధ్యలో మాత్రం పద్ధతి మార్చొద్దు.

'ఇతరములు' అని సెంటర్ పెట్టకండి. ఉమ్మడి పంచుకోవడానికి పెట్టిన జాగా. ఇతరములు ఆలోచించడం ఇష్టం లేనివన్నీ పోయి చేరే జాగా. ఒకసారి ఎంట్రీలు పడ్డాక ఏ సెంటర్‌నూ టాలీ తీసేయనివ్వదు, పేరు మార్చుకోనిస్తుంది అంతే. కాబట్టి ముందే జాగ్రత్త.

రిపోర్టుల కోసం 'డిస్‌ప్లే మోర్ రిపోర్ట్స్'లో 'స్టేట్‌మెంట్స్ ఆఫ్ అకౌంట్స్', అందులో 'కాస్ట్ సెంటర్స్'. కేటగిరీ సమ్మరీలో అన్ని చెరువులూ ఒకేసారి కనపడతాయి. కాస్ట్ సెంటర్ బ్రేకప్‌లో 3/25-1 ఇస్తే ఆ పంట తాలూకు మేత, సీడ్, డీజిల్, అమ్మకం అన్నీ వరుసగా వస్తాయి. ఆసామి అడిగిన జవాబు అదే. లెడ్జర్ బ్రేకప్‌లో మేత ఇస్తే ఏ చెరువు ఎంత తిందో తెలుస్తుంది. పైన చెప్పిన బస్తాల తనిఖీకి ఇదే వాడండి.

అభ్యాసం

కొత్త కంపెనీ ఒకటి నమూనాగా తెరిచి ఇవి ఎక్కించండి. 100 బస్తాల మేత, 2,00,000, షెడ్డులోకి. డీజిల్ 60,000. 4వ చెరువు ఎండబెట్టి ఉంది, దానికి బ్లీచింగ్ 9,000, నేరుగా ఆ చెరువుకే. మేత పుస్తకం ప్రకారం 1వ చెరువుకు 20, 2వ చెరువుకు 30, 3వ చెరువుకు 30 బస్తాలు వేశారు. డీజిల్ పంచండి, మేత జర్నల్ వేయండి, రిపోర్టు తీయండి.

సరిగ్గా చేస్తే రావాల్సినవి: 1వ చెరువు 56,000, 2వది 84,000, 3వది 80,000, 4వది 9,000, ఉమ్మడి 40,000. దశల్లో తయారీ 9,000, సాగు 2,60,000. రెండు వైపులా మొత్తం 2,69,000. 4వ చెరువుకు 24,000 వస్తే డీజిల్ పంచిన ఎకరాలు మళ్లీ చూసుకోండి.

వచ్చే భాగంలో పట్టుబడి: కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) వారీగా అమ్మకం ఎక్కించడం, వాటాల శాతాలు ముందే రాసిపెట్టుకునే కాస్ట్ సెంటర్ క్లాసులు.