దంబుల్లా గుహలకు వెళ్తున్నారా? ఒక జత సాక్సులు బ్యాగులో పెట్టుకోండి

శ్రీలంక వెళ్లేవాళ్లలో చాలామంది దంబుల్లాలో కొండ మీదున్న బౌద్ధ గుహాలయం చూస్తారు కాబట్టి ఈ మాట చెప్పాలనిపించింది. పైన గుహల ముందు చెప్పులు విప్పేయాలి, ఆ తర్వాత నడిచేదంతా రాతి నేల, ఎండెక్కితే అరికాళ్లు కాలిపోతాయి. సాక్సులు వేసుకుంటే ఆ బాధ ఉండదు. పొద్దున్నే ఎక్కితే ఇంకా మంచిది. టికెట్ ఎక్కడ ఇస్తారో కింద అడిగి కొన్నాకే మెట్లెక్కండి, లేకపోతే మళ్లీ దిగాలి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. తినేవి చేతిలో పట్టుకోకండి, దారంతా కోతులే.

మొత్తం ఐదు గుహలు. నా సలహా, ఐదోదాని నుంచి వెనక్కి రండి. మొదటి గుహలో రాతిలోనే మలిచిన దాదాపు 14 మీటర్ల శయన బుద్ధుడు, రెండోదైన మహారాజ గుహ అన్నిటికంటే పెద్దది, అవి ముందే చూసేస్తే మిగతావి చిన్నగా అనిపిస్తాయి. రెండోదాంట్లో తొందరపడకండి, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా కాసేపు నిలబడి తలెత్తి చూడండి, ఎగుడుదిగుడు రాతి కప్పు మీద పరదా పరిచినట్టు బొమ్మలే బొమ్మలు! పైనుంచి చుక్కచుక్కగా రాలే నీటిని పట్టే పాత్ర కూడా అక్కడే ఉంటుంది.

ఫ్లాష్ వాడొద్దు, రంగులు పాడవుతాయి. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం అక్కడివాళ్లకు చాలా బాధ కలిగించే పని, దయచేసి అది మాత్రం చేయకండి.