వయసు మళ్లిన చెట్ల పరిశీలనకు, సంరక్షణ పనులకు దరఖాస్తు చేసే విధానం

శివారు కాలనీ వేసిన కొత్తలో వీధి పొడవునా ఒకేసారి నాటిన చెట్లు ఇంచుమించు ఒకేసారి వయసు మళ్లుతాయి. ఒక పెద్ద కొమ్మ ఎండిపోయినప్పుడో, మాను మొదట్లో తొర్ర కనబడినప్పుడో ఇంటివారికి ముందుగా తోచేది దాన్ని తీసేయించాలనే. ఆ ఆందోళనలోనే "చెట్టు ప్రమాదకరంగా ఉంది, తొలగించగలరు" అని ఒక్క వాక్యం రాసి దరఖాస్తు ఇచ్చేస్తారు. ఆ వాక్యంలో తీర్పు ఉంది గాని, తీర్పుకు కావలసిన ఆధారం లేదు. చూసినది చూసినట్టు రాసి, ఏం చేయాలన్నది పరిశీలకునికి వదిలే దరఖాస్తు వల్లనే చెట్టుకూ దాని నీడన ఉండేవారికీ మేలు జరుగుతుంది. అలాంటి దరఖాస్తును ఎలా తయారు చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా తేల్చుకోవలసినవి

చెట్టు ఎవరిదో మొదట తేల్చుకోవాలి. సాధారణంగా మాను మొదలు ఎవరి స్థలంలో ఉంటే చెట్టు వారిదే. కొమ్మలు పక్కింటి మీదికి వాలినంత మాత్రాన యాజమాన్యం మారదు. మాను సరిహద్దు మీదే ఉంటే ఇరుపక్షాల సంతకాలతో దరఖాస్తు ఇవ్వడం మంచిది. వీధిలోనో పార్కులోనో ఉన్న చెట్టయితే మీరు యజమానిగా కాక, విషయం తెలియజేసే నివాసిగా దరఖాస్తు చేస్తారు. కొమ్మలు విద్యుత్ తీగలకు దగ్గరగా ఉంటే ఆ సంగతి దరఖాస్తు మొదటి వాక్యంలోనే రాయాలి. అప్పుడు విద్యుత్ సరఫరా చేసేవారు తీగలో ప్రవాహం ఆపిన తర్వాతే పని జరగాలి.

ఆ తర్వాత, మీరు అడుగుతున్నది పరిశీలనా, కొమ్మల కత్తిరింపునకు అనుమతా, తొలగింపునకు అనుమతా అన్నది స్పష్టంగా పేర్కొనాలి. ఏది అడగాలో తెలియనప్పుడు పరిశీలనే అడగమని నా సలహా. పరిశీలన తర్వాత తొలగింపు అవసరమని తేలితే దానికి వేరే దరఖాస్తు ఇవ్వవచ్చు. నరికిన చెట్టును మాత్రం తిరిగి నిలబెట్టలేం.

కొలతలు

దరఖాస్తులో చెట్టు జాతి పేరు, అది ఉన్న చోటు, మాను చుట్టుకొలత తప్పక ఉండాలి. జాతి పేరు తెలియకపోతే ఊహించి రాయకుండా ఆకు, కాయ, బెరడు ఫోటోలు జతపరిస్తే చాలు. చుట్టుకొలతను నేల నుంచి సుమారు 1.3 మీటర్ల ఎత్తులో, అంటే మనిషి రొమ్ము ఎత్తులో, టేపుతో కొలుస్తారు. నేల వాలుగా ఉంటే ఎగువ వైపు నుంచి ఆ ఎత్తు లెక్కించాలి. ఆ ఎత్తుకు దిగువనే మాను రెండుగా చీలి ఉంటే ఒక్కో కాండాన్నీ విడివిడిగా కొలిచి రాయాలి. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 251 సెంటీమీటర్లయితే వ్యాసం దాదాపు 80 సెంటీమీటర్లు. ఈ అంకె మరోసారి అవసరమవుతుంది.

ఫోటోలు నాలుగైదు చాలు: చెట్టు మొత్తం కనబడేలా రెండు వేర్వేరు దిక్కుల నుంచి ఒక్కొక్కటి, మాను మొదలు నేలను తాకే చోటు, మీకు అనుమానం కలిగించిన భాగం పక్కన స్కేలు పెట్టి ఒకటి, చెట్టు పడితే ఎవరి మీద, దేని మీద పడుతుందో తెలిపేది ఒకటి. ఈ చివరి ఫోటోను చాలామంది మరచిపోతారు. ప్రమాదం అంచనా వేసేవారు చెట్టు బలహీనతతో పాటు, దాని కింద ఎవరు ఎంతసేపు ఉంటారన్నదీ, పడితే ఎంత నష్టమన్నదీ కలిపి చూస్తారు. ఎవరూ తిరగని మూలలో ఉన్న తొర్ర చెట్టుకూ, పిల్లలు ఆడుకునే చోట ఉన్న అదే చెట్టుకూ ప్రమాదం ఒకటి కాదు.

చూసినదాన్ని ఎలా రాయాలి

దరఖాస్తులో అసలు విలువైన భాగం ఇదే. "చెట్టు ఒరిగింది" అని రాస్తే సరిపోదు. చిన్ననాటి నుంచి వెలుతురు కోసం ఒక పక్కకు వంగి, పై భాగంలో మళ్లీ నిటారుగా లేచిన చెట్టు ఆ ఒరుగుడుకు తగ్గ కలపను తానే పెంచుకుని ఉంటుంది. ఈ మధ్యనే ఒరిగి, ఒరిగిన వైపునకు ఎదురుగా నేల ఉబ్బి లేదా పగుళ్లిచ్చి ఉంటే మాత్రం వేళ్లు పట్టు సడలుతున్నాయని అర్థం. కాబట్టి ఒరుగుడు ఎప్పటి నుంచి ఉంది, పాత ఫోటోలతో పోలిస్తే పెరిగిందా, మొదట్లో మట్టి కదిలిందా అన్నవి రాయాలి. మాను మొదట్లో గాని కొమ్మ మీద గాని కొయ్యలాంటి పుట్టగొడుగులు వస్తే వాటిని పెరికి పారేయకుండా, తేదీ వేసి ఫోటో తీసి ఉంచాలి. లోపల ఏ రకం కుళ్లు నడుస్తోందో వాటిని చూసే పరిశీలకుడు చెప్పగలుగుతాడు. రెండు పెద్ద కొమ్మలు ఇరుకుగా కలిసిన చోట బెరడు లోపలికి మడుచుకుపోయిందా, నిలువు పగులు ఉందా, పైకొమ్మల చివర్లు ఎండుతున్నాయా అన్నవీ చేర్చాలి.

తొర్ర గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. తొర్ర ఉన్న ప్రతి చెట్టూ పడిపోయే చెట్టు కాదు. మాను నడిమి చేవలో జీవకణాలు ఉండవు, అది కుళ్లినా బయటి పొరల్లో చెట్టు బతుకుతూనే ఉంటుంది. బోలుగా ఉన్న గొట్టం కూడా బరువు మోయగలదు. మిగిలిన గట్టి చెక్క మందం వ్యాసార్థంలో దాదాపు మూడో వంతు ఉందా అని చూడడం వాడుకలో ఉన్న ఒక స్థూల ప్రమాణం. పైన చెప్పిన 80 సెంటీమీటర్ల మానులో అది చుట్టూ సుమారు 13 సెంటీమీటర్లు. తొర్ర ఒక పక్కకు పెద్దగా తెరుచుకుని ఉన్నా, కొమ్మల భారం ఒక వైపే ఉన్నా ఈ లెక్క ఒక్కటే చాలదు. అందుకే తొర్ర నోటి వెడల్పు, అది ఏ ఎత్తులో ఉంది, లోపల పక్షులో గబ్బిలాలో ఉంటున్నాయా అన్నవి రాయాలి. గూళ్లున్న కాలంలో పనిని వాయిదా వేయించడానికి ఈ చివరి వివరం అవసరమవుతుంది. తొర్రను సిమెంటుతో పూడ్చమని దయచేసి అడగవద్దు. సిమెంటు చెట్టుతో పాటు ఊగదు, పైగా తేమను లోపలే నిలుపుతుంది.

గత పదేళ్లలో చెట్టు చుట్టూ జరిగిన పనులు కూడా ఒక పేరాలో రాయాలి. నీటి పైపు కోసం తవ్విన కందకం, కొత్తగా వేసిన కాంక్రీటు, నేల ఎత్తు పెంచడానికి పోసిన మట్టి, వాహనాలు నిలపడం వల్ల గట్టిపడిన నేల: వీటి ఫలితం కొమ్మల మీద కనబడడానికి కొన్నేళ్లు పట్టవచ్చు. పీల్చుకునే వేళ్లలో ఎక్కువ భాగం నేల పైపొరల్లోనే ఉండి కొమ్మల నీడ దాటి వ్యాపిస్తాయి. కాండం వ్యాసానికి 12 రెట్ల దూరం వరకు నేలను కాపాడాలన్నది వాడుకలో ఉన్న లెక్క. మన ఉదాహరణలో అది మాను చుట్టూ 9.6 మీటర్లు. ఆ పరిధిలో ఏదైనా తవ్వకం ఇక ముందు జరగబోతుంటే దరఖాస్తులో ఇప్పుడే తెలపడం మంచిది.

ఏ పని కోరాలి, ఏది కోరకూడదు

కత్తిరింపునకు అనుమతి కోరేవారు ఏ కొమ్మ, ఎంత పొడవు, ఎందుకు అన్నది రాయాలి. "తల నరికి ఎత్తు తగ్గించాలి" అని కోరడం వృద్ధ వృక్షానికి చేయగల అతి పెద్ద అన్యాయం. నడినెత్తిన కోసిన చోటు నుంచి కుళ్లు దిగుతుంది. అక్కడ గుంపుగా లేచే కొత్త రెమ్మలు పైపొరలకే అతుక్కుని, బరువెక్కాక విరుగుతాయి. ఒకసారికి పచ్చదనంలో నాలుగో వంతుకు మించి తీయకూడదని సాధారణంగా అంటారు. పాత చెట్టుకు అంతకన్నా బాగా తక్కువ ఉండాలి. వేల చెట్లను చీల్చి చూసిన అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షిగో, చెట్టు గాయాన్ని మాన్పుకోదనీ, చుట్టూ గోడ కట్టి దెబ్బతిన్న భాగాన్ని వేరుపరుస్తుందనీ 1970లలో వివరించారు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడను వదిలి కోస్తేనే ఆ గోడ సరిగా కడుతుంది. కోసిన చోట రంగు పూయడం వల్ల కుళ్లు ఆగదు.

పరిశీలన, ఉత్తర్వు

దరఖాస్తు అందించాక సంఖ్యతో కూడిన రశీదు తీసుకోవాలి. పరిశీలన మూడు అంచెల్లో ఉంటుంది: దూరం నుంచి చూడడం, చుట్టూ తిరిగి సుత్తితో తట్టి శబ్దం వినడం, అవసరమైతే సన్నని సూది దింపి గాని ధ్వని తరంగాలతో గాని లోపలి చెక్కను కొలవడం. చెట్టు ఎంతో పాతదై, తొలగింపు ఒక్కటే దారి అని రెండో అంచెలోనే తేల్చేస్తే, మూడో అంచె పరిశీలన కోరే అవకాశం ఉందేమో రాతపూర్వకంగా అడగండి.

ఉత్తర్వులో తొలగింపు కాక ఎండుకొమ్మలు తీయడం, భారం తగ్గించడం, చీలికను తాళ్లతో బిగించడం, కింద ఉన్న బెంచీని జరపడం వంటివి ఉండవచ్చు. ఒక్కోసారి బెంచీని జరపడంతోనే సమస్య తీరిపోతుంది. ఉత్తర్వు గడువు, గూళ్ల కాలపు నిషేధం, పని చేసేవారికి కావలసిన అర్హత, బదులుగా నాటవలసిన మొక్కల షరతులు చదివి పని మొదలుపెట్టాలి. తిరస్కరించినా, షరతులతో ఏకీభవించకపోయినా, పునఃపరిశీలన గడువు సాధారణంగా ఉత్తర్వు అందిన తేదీ నుంచే లెక్కలోకి వస్తుంది కాబట్టి అందిన రోజు దాని మీదే రాసి ఉంచండి.

విరిగి వేలాడుతున్న కొమ్మ, రాత్రికి రాత్రి ఒరిగిన మాను వంటి వాటికి దరఖాస్తు దారి కాదు. జనాన్ని దూరంగా ఉంచి వెంటనే అత్యవసర విభాగానికి ఫోన్ చేయాలి. తీగ తాకిన చెట్టు దగ్గరకు ఎవరినీ వెళ్లనివ్వకూడదు.

పరిశీలన నివేదికలో తిరిగి చూడవలసిన తేదీ లేకపోతే అడిగి రాయించుకోండి. పాత నివేదిక, ఫోటోలు, రశీదు సంఖ్య ఒకే ఫైలులో ఉంచి, వచ్చేసారి దరఖాస్తుకు జతపరచండి. ఇల్లు చేతులు మారితే ఆ ఫైలును కొత్తవారికి అప్పగించండి.