ఐఐఎస్‌సీ ఓపెన్ డేకి వెళ్తున్నారా? అన్నీ చూసేద్దామనుకోకండి

బెంగళూరులోని సైన్స్ పరిశోధన, చదువుల సంస్థ ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో ఏటా ఒక రోజు, ఎక్కువగా ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో వచ్చే శనివారం, ఓపెన్ డే పెడతారు. టికెట్ ఉండదు. మామూలు రోజుల్లో మనం తొంగి కూడా చూడలేని ల్యాబుల తలుపులన్నీ ఆ రోజు బార్లా తెరిచి పెడతారు, డెమోలు, ఉపన్యాసాలు, క్విజ్‌లు, పిల్లల ఆటలు అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. రామన్ ఎఫెక్ట్ కనిపెట్టిన ఫిబ్రవరి 28ని సైన్స్ డేగా జరుపుకుంటాం కదా, ఆ సి.వి.రామన్ 1933లో డైరెక్టర్‌గా వచ్చింది ఇక్కడికే.

కారు మాత్రం ఇంట్లోనే వదిలేయండి, పార్కింగ్ కోసం తిరగడంతోనే సగం పొద్దు గడిచిపోతుంది. మెట్రో గ్రీన్ లైన్‌లో శాండల్ సోప్ ఫ్యాక్టరీ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు యశ్వంతపూర్ స్టేషన్ దగ్గర. పొద్దున్నే గేటు తీసే వేళకు ఉంటే మంచిది, పదకొండు దాటితే జనం తిరునాళ్లే.

క్యాంపస్ సుమారు 400 ఎకరాలు. అందుకే ముందు రోజు రాత్రి వెబ్‌సైట్‌లో ప్రోగ్రామ్, మ్యాప్ చూసి మూడంటే మూడు డిపార్ట్‌మెంట్లు, ఒక్క ఉపన్యాసం ఎంచుకోండి, చాలు. హై వోల్టేజ్ ల్యాబ్ చూడాలనుంటే మొదట అక్కడికే వెళ్లండి, క్యూ పెద్దగా ఉంటుంది. కృత్రిమ మెరుపు ఫట్‌మని పేలినప్పుడు చిన్నపిల్లలు జడుసుకుంటారు, ముందే చెప్పి చెవులు మూసుకోమనండి. ఏరోస్పేస్ డిపార్ట్‌మెంట్‌లో విండ్ టన్నెల్ (విమానాల నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే సొరంగం) చూడండి. శ్రీహరికోట కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు కదా, ఆయన ఈ డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేసి తర్వాత ఐఐఎస్‌సీ డైరెక్టర్ అయ్యారు, పిల్లలకు ఆ సంగతి చెబితే ఇంకా ఆసక్తిగా చూస్తారు.

లిక్విడ్ నైట్రోజన్ డెమో కనబడితే ముందు వరసలోకి వెళ్లండి. మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం అది, గిన్నెలోంచి తెల్లటి పొగ నేలమీదికి జారుతుంటుంది. అందులో ముంచి తీసిన గులాబీని నలిపితే అప్పడంలా పొడిపొడి అయిపోతుంది.

అయితే ఇలాంటివి వీడియోల్లోనూ దొరుకుతాయి. దొరకనిది అక్కడ నిలబడి వివరించే రీసెర్చ్ విద్యార్థి. నాలుగైదేళ్లుగా ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్న మనిషి ఆ రోజు మీ ఎదురుగా ఉంటాడు, అడిగితే ఎంతసేపైనా చెబుతాడు. దయచేసి ‘సీటు ఎలా వస్తుంది, ర్యాంకెంత’ అని మొదలెట్టకండి, ఆ వివరాలు వెబ్‌సైట్‌లో ఉంటాయి. ‘మీరు దేనిమీద పనిచేస్తున్నారు, ఇంకా అంతుపట్టనిది ఏంటి’ అని అడగండి, అప్పుడు వాళ్ల ముఖం ఎలా వెలుగుతుందో చూడండి! పోస్టర్ మీద లేని సంగతులన్నీ బయటికొస్తాయి. మీ అమ్మాయో అబ్బాయో ఏదైనా అడుగుతుంటే పక్కనుంచి మీరు అందుకోవద్దు, తప్పుగా అడిగినా వాళ్లనే అడగనివ్వండి. తెలుగు విద్యార్థులు బాగానే ఉంటారు, ఇంగ్లీషుకు మొహమాటపడే పిల్లలుంటే తెలుగులో చెప్పేవాళ్లున్నారా అని అడగడంలో తప్పేం లేదు.

ఉపన్యాసానికి పావుగంట ముందే వెళ్లి కూర్చోండి, హాలు నిండితే నిలబడాల్సి వస్తుంది. చిన్నపిల్లలకు మధ్యలో విసుగొస్తే ఒకరు బయటికి తీసుకెళ్లండి, ఇంకొకరు వినండి. తిండి స్టాళ్ల దగ్గర మధ్యాహ్నం తోపులాటే, పులిహోరో చపాతీలో డబ్బాలో పెట్టుకుంటే చెట్ల కింద హాయిగా తినొచ్చు. నీళ్ల సీసా, టోపీ, నడకకు పనికొచ్చే చెప్పులు మరవద్దు.

బెంగళూరు రాలేనివాళ్లు సెప్టెంబరు 26 గుర్తుపెట్టుకోండి. అది దేశమంతా ప్రభుత్వ పరిశోధన ల్యాబులు నడిపే సంస్థ సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం, ఆ చుట్టుపక్కల రోజుల్లో దాని ల్యాబులు జనానికి తలుపులు తెరవడం ఆనవాయితీ. హైదరాబాద్‌లో తార్నాక, హబ్సిగూడల్లోనే సీసీఎంబీ (జీవశాస్త్రం), ఐఐసీటీ (రసాయనశాస్త్రం), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతికశాస్త్రం) మూడూ ఉన్నాయి. తేదీ, సమయం వాళ్ల వెబ్‌సైట్లలో చూసుకుని బయల్దేరండి.