రాసేది ఒకచోట, పేజీలు కట్టేది మరొకచోట

పుస్తకం రాస్తున్నవారికి ఒక మాట. రాయడానికి వర్డ్ గానీ, లిబ్రేఆఫీస్ గానీ చాలు. మొదటి అక్షరం నుంచీ యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటరైనా తెలుగును ఒకేలా గుర్తించే అక్షర ప్రమాణం) టైపు చేయండి. దిద్దుబాట్లన్నీ అయ్యాకే పేజీల కూర్పుకు ఇన్‌డిజైన్ వాడండి. సమీకరణాలు ఎక్కువుంటే జీలాటెక్ (XeLaTeX) అనే పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్ మేలు.

హైదరాబాద్‌లో కొన్ని డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే పని చేస్తాయి. అవి యూనికోడ్ ఫాంట్లు కావు కాబట్టి మీ ఫైలును వాటికి తగ్గట్టు మార్చాలి, ఆ మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి. నా కథల సంపుటికి ఇలాగే జరిగి, మొత్తం ప్రూఫు మళ్లీ చూడవలసి వచ్చింది. ఆ బాధ మీకు వద్దు. ఫైలు ఇచ్చేముందే “యూనికోడ్‌లోనే పేజీలు కడతారా?” అని అడగండి. ఇన్‌డిజైన్ అయితే అందులో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోమని చెప్పండి, లేకపోతే తెలుగు అక్షరాలు సరిగా కూడవు.