ఎడారి బండల దగ్గర గేటు మూసేస్తే ఏం చేయాలి? ఆ నేల ఎవరిదో కనుక్కోవడం ఎలా?

అమెరికా పశ్చిమాన ఎడారుల్లో బౌల్డరింగ్ (తాడు లేకుండా పెద్ద బండలు ఎక్కడం) చేసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. పోయినేడు తీసి ఉన్న గేటుకి ఈసారి కొత్త గొలుసు, తాళం, పక్కనే ‘నో ట్రెస్‌పాసింగ్’ బోర్డు. పది నిమిషాలు నడిస్తే బండలు. వీపు మీద క్రాష్ ప్యాడ్ (పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే మెత్తటి పరుపు) ఉంది, ఆరు గంటలు కారు నడిపి వచ్చారు. కంచె దాటేద్దామనిపిస్తుంది. దయచేసి దాటకండి. ఆ రోజు మీరు దాటితే, రేపు భూమి యజమానితో మాట్లాడబోయే వాళ్ల నోరు ముందే కట్టేసినట్టవుతుంది.

చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం ఇంటి దగ్గరే అయిపోతుంది.

1. బయల్దేరే ముందు నేల ఎవరిదో చూసుకోండి

ఎడారి అంతా ప్రభుత్వానిదే అనుకోవడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్ర ప్రభుత్వ శాఖ చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలు ఉన్న మాట నిజమే. కానీ ఆ భూమి ఒకే ముక్కగా లేదు. 1862 నాటి చట్టంతో మొదలుపెట్టి రైలు కంపెనీలకి పట్టాల పక్కన ఒక చదరపు మైలు విడిచి ఒక చదరపు మైలు చొప్పున భూములు ఇచ్చారు. ఒక్కో చదరం 640 ఎకరాలు. అందుకే ఇప్పటికీ చాలా చోట్ల మ్యాప్ చదరంగం బల్లలా ఉంటుంది: ఒక గడి ప్రభుత్వానిది, పక్క గడి ప్రైవేటుది.

ఇవి కాక రాష్ట్రాల ట్రస్టు భూములున్నాయి. వీటి ఆదాయం ముఖ్యంగా బడులకి వెళ్తుంది. పేరులో రాష్ట్రం ఉంది కదా అని పార్కులా వాడుకోవడానికి లేదు. అరిజోనాలో వీటిలో తిరగాలంటే పర్మిట్ తీసుకోవాలి. కాలిఫోర్నియాలో బిషప్ ఊరి చుట్టూ ఇంకో చిత్రం. అక్కడి ఓవెన్స్ లోయలో చాలా భూమి ఎక్కడో దూరాన ఉన్న లాస్ ఏంజిలస్ నగర నీటి, విద్యుత్ శాఖది. నీళ్ల కోసం వందేళ్ల కిందట కొన్న భూములవి. పగలు తిరగనిచ్చే చోట కూడా రాత్రి టెంటు వేయనివ్వరు.

చూసుకోవడం కష్టమేమీ కాదు. ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) భూమి పన్ను లెక్కగట్టే అసెసర్ ఆఫీసు వెబ్‌సైట్‌లో పార్సెల్ మ్యాప్ (భూమి ముక్కల పటం) తెరిస్తే ఏ ముక్క ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. ఆన్‌ఎక్స్, గయా జీపీఎస్ లాంటి యాప్‌లలో కూడా హద్దులు కనిపిస్తాయి. కాకపోతే యాప్‌లో గీత కొన్ని అడుగులు అటూ ఇటూ జరిగి ఉండొచ్చు. కంచె పక్కనే ఉన్న బండ విషయంలో ఆ గీతని నమ్ముకోవద్దు.

బండ ఉన్న చోటు ఒక్కటే చూసి ఊరుకోకండి. కారు ఆపే చోటు, మట్టిరోడ్డు, కాలిబాట, ఈ మూడింటినీ విడివిడిగా చూడండి. బండ ప్రభుత్వ భూమిలోనే ఉండి, దాని దాకా వెళ్లే దారిలో కాస్త ముక్క మాత్రం పశువులు పెంచే ఒక రైతుది కావడం మామూలే. గొడవలు ఎక్కువగా ఆ ముక్క దగ్గరే వస్తాయి.

రెండు ప్రభుత్వ గడులు మూల దగ్గర కలిసే చోట, ప్రైవేటు నేల తాకకుండా ఒకదానిలోంచి ఇంకోదానిలోకి అడుగు వేయొచ్చని 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు (కొన్ని రాష్ట్రాలకి కలిపి ఉండే కేంద్ర కోర్టు) వయోమింగ్ కేసులో తీర్పిచ్చింది. యూటా, కొలరాడో, న్యూ మెక్సికో కూడా ఆ కోర్టు కిందికే వస్తాయి. అరిజోనా, నెవాడా, కాలిఫోర్నియా రావు.

2. గేటు దగ్గర ఆగి చదవండి

అన్నిచోట్లా బోర్డే ఉండాలని లేదు. టెక్సస్‌లో చెట్టు మీదో కంచె గుంజ మీదో ఊదారంగు నిలువు గీత కనిపిస్తే ‘లోపలికి రావద్దు’ అని రాసినట్టే లెక్క. ఆ గీత కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు ఉండి, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటుంది. యూటాలో ఇదే పనికి వేరే రంగులు వాడతారు.

తాళం, బోర్డు లేని గేటు చాలాసార్లు పశువుల కోసమే. వేసి ఉంటే దాటాక మళ్లీ వేయండి, తీసి ఉంటే తీసే ఉంచండి. మంచి చేస్తున్నామనుకుని తీసి ఉన్న గేటు మూసేస్తే పశువులకి నీళ్ల దారి పోవచ్చు.

3. ఎందుకు మూశారో తెలుసుకోండి

నాకు బాగా గుర్తున్న ఒక మూసివేత వెనక ఉన్నది నాలుగు కార్లే. మట్టిరోడ్డు మలుపులో వరసగా పెట్టి వెళ్లిపోయారు. సాయంత్రం పశువుల ట్రెయిలర్‌తో వచ్చిన పెద్దాయన తిరగడానికి చోటు లేక గంటన్నర అక్కడే నిలబడ్డాడు. మేం దిగి వచ్చేసరికి చీకటి పడుతోంది. ఆయన ఒక్క మాట అనలేదు. మర్నాటికి గొలుసు పడింది. ఆ కార్లలో ఒకటి మాది. ఇప్పటికీ తలుచుకుంటే మనసుకి కష్టంగా ఉంటుంది.

మామూలుగా కారణాలు ఇలాంటివే. పార్కింగ్, మలమూత్రాలు, పశువుల వెంటపడ్డ కుక్కలు, భూమి చేతులు మారడం. అన్నిటికన్నా పెద్దది ‘ఎవరైనా పడి కాలు విరగ్గొట్టుకుంటే నా మీద కేసు వేస్తారేమో’ అన్న భయం. డబ్బు తీసుకోకుండా జనాన్ని రానిచ్చే యజమానికి కొంత రక్షణ ఇచ్చే చట్టం 50 రాష్ట్రాల్లోనూ ఉంది. చాలామంది యజమానులకి ఈ సంగతి తెలియదు. మీరు లాయరు పాత్ర వేయకుండా, ‘ఇలాంటి చట్టం ఉందండీ, మీ లాయరుని ఒకసారి అడిగి చూడండి’ అని చెప్పండి చాలు. ఇంకో మాట: ‘మనిషికి ఇంత ఇస్తాం’ అని అనకండి. రుసుము తీసుకుంటే ఆ రక్షణే పోవచ్చు.

4. మాట్లాడేది ఒక్కరే

పదిమంది పది ఫోన్లు చేస్తే వచ్చే సమాధానం ‘కుదరదు’ అనే. ముందు ఆ ప్రాంతపు క్లైంబర్ల సంఘాన్ని అడగండి, అప్పటికే ఎవరో మాట్లాడుతూ ఉండొచ్చు. సంఘం లేకపోతే 1991 నుంచి ఈ పనే చేస్తున్న యాక్సెస్ ఫండ్ అనే సంస్థకి రాయండి. అవసరమైతే భూమి కొనడానికి స్థానిక సంఘాలకి అప్పు కూడా ఇస్తారు.

మాట్లాడే అవకాశం మీకే వస్తే ముందు వినండి. ‘ఇన్నేళ్లు రానిచ్చారు, చాలా కృతజ్ఞతలు. మా వల్ల మీకేం ఇబ్బంది వచ్చిందో చెప్తారా?’ అని అడగండి. తర్వాత మీరు నిజంగా చేయగలిగింది చెప్పండి: కార్లు హైవే పక్కనే ఆపుతాం, దూడలు వేసే నెలల్లో రాం, కంచె బాగుచేసే రోజు పదిమంది వస్తాం. హక్కు అన్న మాట ఎత్తితే సంభాషణ అక్కడితో సరి.

5. తెరిచి ఉన్న చోట మూతపడకుండా

టెక్సస్‌లో ఎల్ పాసో దగ్గరి వేకో ట్యాంక్స్‌లో వేల సంఖ్యలో ప్రాచీన చిత్రాలున్నాయి. అక్కడ నార్త్ మౌంటెన్‌లోకి గైడు లేకుండా ఒకేసారి 70 మందినే రానిస్తున్నారు, మిగతా కొండలకి గైడు తప్పనిసరి. కాబట్టి ముందే రిజర్వేషన్ చేసుకోండి. బిషప్ దగ్గరి అగ్నిశిల మైదానంలో 2012లో దొంగలు రాతిచెక్కడాలనే కోసుకుపోయారు. చిత్రాలు, చెక్కడాలు ఉన్న బండని తాకొద్దు, చాక్ (చేతులు జారకుండా రాసుకునే తెల్లపొడి) అంటనివ్వొద్దు.

నల్లగా, పొక్కులు పొక్కులుగా కనిపించే మట్టి పైపొర ప్రాణమున్నది. ఒక్క బూటు అచ్చు మానడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. బాట వదలొద్దు. వాన పడ్డాక ఇసుకరాయి లోపల కూడా ఆరేదాకా ఒకటి రెండు రోజులు, ఇంకా తడి ఉంటే మూడు రోజులు ఆగండి. చేత్తో పట్టుకునే రాతి అంచు తడిగా ఉండి విరిగితే మళ్లీ రాదు.

ఇంత చేసినా యజమాని వద్దంటే వేరే బండలకి వెళ్లండి. ఆ చోటు గురించి క్లైంబర్ల యాప్‌లో మీరు పెట్టిన వివరాలుంటే ‘మూసి ఉంది’ అని తేదీ వేసి ఆ సాయంత్రమే మార్చండి. ఆరు గంటలు నడిపి రాబోయే వాళ్లకి గేటు దగ్గరికి రాకముందే తెలుస్తుంది.